అంచు ముందు కట్టిన గంప

సృజన చేసే ఉద్యోగం ఏమిటో వాళ్లమ్మ సుమిత్రకు అర్థం కావడానికి నాలుగు నెలలు పట్టింది. అర్థమయ్యాక కూడా నమ్మకం కుదరలేదు. ఇంగ్లండులో ఎవరో అరవై డెబ్బై ఏళ్ల కింద తీసిన టీవీ కార్యక్రమాలను ఇప్పుడు మళ్లీ వేస్తారట. చెవులు వినపడనివాళ్లు చదువుకోవడానికి వాటి కింద మాటలు రాయాలట. ఆ రాసే పని ప్యాట్నీ దగ్గర ఒక బిల్డింగు మూడో అంతస్తులో కూర్చుని తన బిడ్డ చేస్తుందట.

"తెల్లోళ్ల ముసలి టీవీ, తెల్లోళ్ల చెవుడు. నడుమ నువ్వెట్ల దూరినవే?" అని అడిగింది ఒకరోజు అన్నం వడ్డిస్తూ.

 సృజనకు పరీక్ష పెట్టారు, పాసయింది, తీసుకున్నారు. ఆరు నెలలు చూసి, పని నచ్చితే పర్మనెంటు చేస్తామన్నారు. ఆ ఆరు నెలలు ఈ ఆగస్టు ఆఖరుతో నిండుతాయి.

ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు కానీ అందరి మనసులోనూ అదే ఉంది. ఎందుకంటే సృజనకు ఇది రెండో ఉద్యోగం. మొదటిది ఒక లోన్ల ఆఫీసులో. అక్కడా ఆరు నెలలే అన్నారు. ఆరో నెల ఆఖరి రోజు సాయంత్రం, రేపటినుంచి రావద్దని ఫోన్లో మెసేజీ పెట్టారు. తండ్రి మేదరి లక్ష్మణ్ ఇంట్లో ఇంటర్ దాటిన మొదటి మనిషి సృజన, డిగ్రీ పట్టా తెచ్చిన మొదటి మనిషీ తనే.  ఆ మెసేజీ వచ్చిన తెల్లారి బస్తీలో ఎవరో అడిగితే లక్ష్మణ్ "బిడ్డనే వద్దనుకున్నది" అని చెప్పాడు. తన కోసం నాయిన అబద్ధమాడిన సంగతి సృజనకు తెలుసు. మళ్లీ ఆయన చేత అట్లా చెప్పించకూడదని ఈ కొత్త ఉద్యోగంలో చేరిన రోజే అనుకుంది.

లక్ష్మణ్ గంపలల్లుతాడు. మోండా మార్కెట్ వెనక సందులో చిన్న షాపు. చాటలు, తట్టలు, పెళ్లికూతురును కూర్చోబెట్టే పెద్ద గంపలు, పండ్లు పెట్టి ఇచ్చే బుట్టలు, ఏవి కావాలంటే అవి. ఆయన తండ్రి అదే చేశాడు, తాత అదే చేశాడు. ఇల్లు మల్కాజ్‌గిరిలో. పొద్దున్నే లక్ష్మణ్, సుమిత్ర లోకల్ రైలెక్కి షాపుకు వచ్చేస్తారు. సృజన వెనకనుంచి వస్తుంది. షాపుకు, ఆమె ఆఫీసుకు పది నిమిషాల నడక. కానీ ఈ ఆరు నెలల్లో ఆఫీసువాళ్లెవరికీ ఆ షాపు సంగతి తెలియదు. చేరిన కొత్తలో పక్క సీటు కన్నబాబు మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగితే, బిజినెస్ అంది. కన్నబాబుది విజయనగరం వైపు, ఉండేది అల్వాల్‌లో. కిరాణా షాపేమో అనుకుని ఊరుకున్నాడు.

ఆగస్టు ఆఖరి సోమవారం ఇంగ్లండులో సెలవు. ఆ రోజు ఒక చానెల్ పొద్దున్నించి రాత్రి దాకా పాత టీవీనే వేయాలనుకుంది. అప్పట్లో ఒక రోజు టీవీ ఎట్లా నడిచేదో అచ్చం అట్లా. ఒక్క ప్రకటన లేకుండా, నడుమ గడియారం, గడియారం తర్వాత ముత్యాల దండ వేసుకున్న ఒకామె వచ్చి తర్వాత ఏం రాబోతుందో చెప్పడం, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. ఆ రోజు మొత్తానికి కింద మాటలు రాసే పని ఈ ఆఫీసుకు వచ్చింది. టీమ్ లీడ్ ప్రిసిల్లా అందులో పొద్దుటి భాగమంతా సృజనకిచ్చింది. ఇచ్చేటప్పుడే చెప్పింది. సోమవారం ఐదింటికి పర్మనెంటు చేసేవాళ్ల లిస్టు పంపాలి. ఆ రోజు నీ భాగం తప్పు లేకుండా పోతే నీ పేరు రాస్తాను. లేకుంటే నేను రాయలేను.

సృజన మూడు వారాలు ఆ రోజుతోనే బతికింది. తీగలు కనపడే తోలుబొమ్మల్లాంటి బొమ్మలు పిల్లలకు లెక్కలు చెబుతాయి. కోటూ టై వేసుకున్న ఒకాయన మట్టిలో మోకాళ్లూని గులాబీలకు ఎరువు ఎట్లా వేయాలో నేర్పిస్తాడు. ఒకావిడ అరగంట సేపు క్యాబేజీని ఉడకబెడుతుంది, ఉప్పు తప్ప ఏమీ వేయదు. గుర్రాలు కంచెలు దూకుతుంటే పక్కన ఎవరో ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోతాడు. ఆ గుర్రాలాయన మాటలు రాయడానికే సృజనకు మూడు రోజులు పట్టింది. మొదట్లో నవ్వొచ్చేది. పోగాపోగా వాళ్లంతా ఎదురింటి వాళ్లలాగా అలవాటైపోయారు. ముత్యాల దండ ఆవిడ గుడ్ మార్నింగ్ చెప్పేముందు సన్నగా గొంతు సవరించుకుంటుందని, క్యాబేజీ ఆవిడ మూత తీసిన ప్రతిసారీ వేళ్లు కాల్చుకుంటుందని సృజనకు తెలుసు. ఇంకెవరికైనా తెలుసో లేదో.

కార్యక్రమానికీ కార్యక్రమానికీ మధ్య ఖాళీ వస్తే అప్పట్లో ఏదో ఒక నెమ్మదైన బొమ్మ వేసేవాళ్లు. నది, గాలిమర, అట్లాంటివి. ఈ రోజులో ఒకచోట, వాళ్ల పదకొండు గంటలకు, మనకు మూడున్నరకు, నాలుగు నిమిషాల బొమ్మ ఉంది. టోపీ పెట్టుకున్న ముసలాయన బుట్ట అల్లుతుంటాడు. మాట లేదు. మ్యూజిక్ లేదు. చెయ్యి, చువ్వ, కత్తి చప్పుడు మాత్రమే. తనిఖీ చేసే కంప్యూటరు దాన్ని చూసి నాలుగు నిమిషాలుగా ఎవరూ మాట్లాడటం లేదు, ఏదో చెడిపోయిందని ఎర్రగా చూపించింది. కన్నబాబు వచ్చి చూసి, "మన దూరదర్శన్ వాడయితే 'అంతరాయానికి చింతిస్తున్నాము' అని ఒక బోర్డు పెట్టీసి తొంగునేవాడు. ఈళ్లు బుట్టలల్లించీరు" అన్నాడు.

ఆ బొమ్మ మూడు ముక్కలుగా వచ్చింది. వాటిమీద ఒకటి, రెండు, మూడు అని నంబర్లు తప్ప ఇంకేమీ లేదు. వరుసగా అతికించి పంపడం సృజన పని. మొదటిదాంట్లో ముసలాయన రెండు లావు పుల్లల్ని గుండ్రంగా వంచి, ఒకదానిలో ఒకటి దూర్చి, సన్నటి చువ్వతో బిగించి కడుతున్నాడు. ఛాతీ వరకే కనపడుతున్నాడు, ఒళ్లో ఏముందో తెరలో లేదు. రెండోది, మూడోది దగ్గరనుంచి తీసినవి. చేతులు, అల్లిక, అంతే.

సృజన నంబర్లు చూసి నవ్వుకుంది. ఎవడో గంపంటే ఏందో తెలియనివాడు వేసిన నంబర్లు. అంచు ముందెట్లా కడతారు? అడుగు అల్లాలి, గోడ లేపాలి, ఆఖరున అంచు బిగించాలి. ఐదేళ్ల పిల్లప్పటినుంచి రోజూ చూసిన పని. ఒకటో ముక్కను తీసి చివర పెట్టింది. కింద రాసే చప్పుళ్ల మాటలు కూడా దానికి తగ్గట్టే రాసింది. ఆఖరి ముక్క కింద, 'అంచు బిగిస్తున్న చప్పుడు, బుట్ట పూర్తయింది' అని రాసింది. ఆ చప్పుళ్లను రాసినంత సులువుగా ఆమె ఇంకేదీ రాయలేదు.

ఒక్కటి మాత్రం రాయలేదు. వచ్చినదాన్ని ఏ కొంచెం మార్చినా చేంజ్ షీట్‌లో ఎక్కించాలి. ఏం మార్చావు, ఎందుకు మార్చావు అని రెండు డబ్బాలుంటాయి. ఎందుకు అనే డబ్బా దగ్గర సృజన చెయ్యి ఆగింది. 'మా ఇంట్లో గంపలల్లుతారు కాబట్టి నాకు తెలుసు' అని రాయాలి. ఆ షీట్ ప్రిసిల్లా మేడమ్ చదువుతుంది, కన్నబాబు చదువుతాడు, లండన్‌లో ఎవరో చదువుతారు. మార్పు సరైందే కదా, రాయకపోతే ఏమవుతుందిలే అనుకుంది. రెండు డబ్బాలూ ఖాళీగా వదిలి ఫైలు పంపేసింది.

సోమవారం ఆమె డ్యూటీ పన్నెండింటికి. పదిన్నరకే షాపుకు వచ్చింది. చానెల్ వాళ్లు ఆ రోజు గురించి ఆశపెట్టడానికి బుట్ట బొమ్మ చివరినుంచి ఒక నిమిషం కత్తిరించి నిన్న రాత్రి తమ పేజీలో పెట్టారు. అందరూ చూడొచ్చు. ఆరు నెలల్లో తన పని ఇంట్లో చూపించుకోవడానికి దొరికిన మొదటి అవకాశం అది, అందులోనూ గంప. లక్ష్మణ్ వినాయక చవితికి పండ్ల బుట్టలు అల్లుతున్నాడు. చేతులు తుడుచుకుని ఫోన్ దూరంగా పెట్టుకుని చూశాడు. సుమిత్ర ఆయన భుజం మీదుగా తొంగి చూసి, ముసలోడు మంచిగున్నాడంది. లక్ష్మణ్ మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ చూశాడు.

"గిది ఎవలు అతికిచ్చిన్రు?" అన్నాడు.

"ఎందుకు నాయినా?"

"ఏం లే. అల్లేది మంచిగనే అల్లుతుండు. గని తలకాయ దెచ్చి తోకకాడ వెట్టిన్రు."

సృజన నవ్వింది. అంచు ఆఖరుకే కదా కడతారు, నీకు తెలియదా అంది.

"మనం ఆఖరుకు కడ్తం. ఈయన ముందే కడ్తుండు. జెర ఆపు. గీడ సూడు, బొటనేలు కింద లావుగ ఉన్నదేంది? అంచు గాదా? అంచు లేకుంటే ఆ సువ్వ దేనికి సుడుతుండు మరి?" లక్ష్మణ్ వేలు తెర మీద ఆనించాడు. బొమ్మ జారిపోయింది. సృజన మళ్లీ వెనక్కి తెచ్చింది. బొటనవేలి కింద లావు పుల్ల ఉంది. స్పష్టంగా ఉంది. ఇన్ని రోజులు ఇరవై సార్లు చూసినా చూడలేదు. అంచు అక్కడ ఉండదని ముందే తెలుసు కాబట్టి చూడలేదు.

"అతికిచ్చినోనికి గంప పని తెల్వదు" అన్నాడు లక్ష్మణ్, మళ్లీ బుట్ట అందుకుంటూ.

"నేనే అతికిచ్చిన నాయినా."

లక్ష్మణ్ చెయ్యి ఆగింది. బిడ్డ మొహం చూశాడు. "అయితే నీకు మన గంపే తెల్సు" అన్నాడు మెల్లగా. తర్వాత, ఇంకా వేయలేదు కదా, ఇప్పుడు మార్చొచ్చా అని అడిగాడు. మూడున్నరకు వేస్తారు అంది సృజన. టైము పదకొండు కావస్తోంది. చెప్పుల్లో కాళ్లు దూర్చుకుని, సుమిత్ర పెట్టబోయిన టిఫిన్ డబ్బా కూడా తీసుకోకుండా బయటపడింది.

ఆఫీసులో కన్నబాబు ఒక్కడే ఉన్నాడు. ప్రిసిల్లా మీటింగులో ఉంది. సృజన ఫైలు తెరిచి మొత్తం నాలుగు నిమిషాలూ మళ్లీ చూసింది. నాయిన చెప్పిందే నిజం. తనకేదో ఒంట్లో బాగాలేదనుకుని కన్నబాబు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. అప్పుడు జరిగింది చెప్పింది. అన్నీ కాదు, వరుస మారిందని, షీట్‌లో రాయలేదని మాత్రం. కన్నబాబు కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు.

"నాలుగు నిమిషాల బుట్టమ్మా. అక్కడేమో సెలవు. సరిగ్గా అందరూ టీ పెట్టుకోడానికి లేచే టైము. ఎవులు చూస్తారు చెప్పు? చూసినోడికి మాత్రం బుట్ట ఎటునుంచి అల్లితే ఏటి? సాయంత్రం ఐదింటికి లిస్టు వెళ్లిపోతాది. అందాకా నోరు కట్టేసుకో."

అతను చెడ్డవాడేమీ కాదు. లోన్ల ఆఫీసు సంగతి అతనికి తెలుసు, ఆమె మంచికే చెప్పాడు. నిజంగానే ఎవరికీ తెలియదు కూడా. సృజన తెర మీద ఆగిపోయిన ముసలాయన చేతుల్ని చూస్తూ కూర్చుంది. ఇప్పుడు చెబితే లిస్టులో పేరుండదు. చెప్పకపోతే ఉంటుంది. ఇంత తేలిక లెక్క ఆమె బీకాంలో కూడా చేయలేదు.

కానీ ఆ దేశంలో ఎక్కడో ఇట్లాంటి బుట్టలు అల్లిన మనిషి ఇంకా బతికే ఉండొచ్చు. చెవులు పోయి, చూపు మిగిలి, ఈ సెలవు రోజు పొద్దున టీవీ ముందు కూర్చుని ఉండొచ్చు. ఆయనకు ఈ నాలుగు నిమిషాలూ తన సొంత పని. నాయిన ఒక్క నిమిషంలో పట్టుకున్నట్టే ఆయనా పట్టుకుంటాడు. 'బుట్ట పూర్తయింది' అని తను రాసిన మాట చదివి, ఇది రాసినవాడెవడో అనుకుంటాడు. కన్నబాబు చెప్పినదాంట్లో ఆ మనిషి లేడు. సృజన ఆ మనిషిని లెక్కలోంచి తీసివేయలేకపోయింది.

ప్రిసిల్లా మీటింగు నుంచి వచ్చేసరికి పన్నెండున్నర. సృజన లేచి వెళ్లి ఆమె టేబుల్ ముందు నిలబడింది. ప్రిసిల్లాది లాలాగూడ, రైల్వే కుటుంబం. ఈ పనిలో పదిహేనేళ్లు చేసింది. కోపం వస్తే గొంతు పెంచదు, ఇంకా తగ్గిస్తుంది. మొత్తం విని, చేంజ్ షీట్ తెరిచి, ఖాళీ డబ్బాలు చూసింది.

"తప్పులు అందరం చేస్తం. నేనూ చేసిన. అడిగేది అది కాదు" అంది. "షీట్‌లో ఎందుకు రాయలేదు?"

"ఎందుకు మార్చినవని అడుగుతది కదా మేడమ్ అండ్ల. కారణం రాయాల్నంటే..." సృజనకు ఆఫీసు భాష దొరకలేదు. వచ్చిన భాషలోనే చెప్పింది. "మా నాయిన గంపలల్లుతడు. మేం మేదరోళ్లం. మోండా మార్కెట్ ఎనకనే మా షాపు. అది అండ్ల రాయబుద్ధి కాలే."

వెనక కన్నబాబు కుర్చీ చప్పుడు ఆగిపోయింది.

ప్రిసిల్లా షీట్ మీంచి తలెత్తింది. "తెల్లాయన గంప అల్లేది నాలుగు నిమిషాలు టీవీల వేస్తున్నరు. దానికి నువ్వు మూడు వారాలు కూర్చొని అక్షరం అక్షరం రాసినవ్. మీ నాన్న అల్లేది ఒక డబ్బాల రాయనీకి సిగ్గా?"

సృజన తల వంచుకుంది. ప్రిసిల్లా అక్కడే ఆపేసింది. ఫోన్ తీసి లండన్‌లో డ్యూటీలో ఉన్నావిడకు చేసింది. అక్కడ ఇంకా ఉదయం ఎనిమిది. మన రెండున్నర లోపల కొత్త ఫైలు వస్తే మారుస్తాననీ, ఆ తర్వాత ఉన్నదే పోతుందనీ ఆవిడ చెప్పింది. ఫోన్ పెట్టేసి ప్రిసిల్లా ఇంకో మాట అడిగింది. నంబర్లు తప్పని పోయిన వారం నువ్వే మార్చావు. ఇవాళ నంబర్లే కరెక్టంటున్నావు. అంచు ముందన్నది సరే. మిగతా రెండు ముక్కల్లో ఏది ముందో, ఏది వెనకో ఎట్లా తెలుసు? ఊహమీద రెండోసారి మార్చనివ్వను.

సృజనకు నిజంగానే తెలియదు. ఆ రకం గంప ఆమె ఎన్నడూ చూడలేదు. "మా నాయినను అడగొచ్చా మేడమ్?" అంది.

ఫైలు బయటికి పంపడానికి వీల్లేదు, మాటలతో అడుగు, నేనూ వింటాను అంది ప్రిసిల్లా. సృజన ఫోన్ స్పీకర్లో పెట్టి టేబుల్ మీద ఉంచింది. మోండా సందులోని గోల, ఆటో హారన్లు, వెదురు బద్ద చీల్చే చప్పుడు, అన్నీ ఒక్కసారిగా ఆ ఏసీ గదిలోకి వచ్చాయి. మేడమ్ ఇక్కడే ఉంది నాయినా అని ముందే చెప్పింది. లక్ష్మణ్ గొంతు సవరించుకుని నమస్తే చెప్పాడు. బిడ్డ ఉద్యోగానికి ఏమైనా అయిందేమోనని ఆ గొంతులో భయం వినపడింది. సృజన తెర చూస్తూ ఒక్కొక్కటే చెప్పుకుపోయింది. అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు. రెండూ కలిసిన చోటు నుంచి అల్లిక మొదలు.

"ఒక్క దిక్కుకెళ్లే అల్లుతుండా, రెండు దిక్కులకెళ్లా?"

"రెండు దిక్కుల ఉన్నది నాయినా అల్లిక. నడుమ ఖాళీ ఉన్నది."

"గా సందు ఎంతున్నది?"

సృజన రెండో ముక్కలో ఆపి చూసింది, మూడో దాంట్లో ఆపి చూసింది. "రెండోదాంట్ల జానెడు. మూడోదాంట్ల రెండు వేళ్లు."

"ఇంకేంది మరి. సందు మూసుకుంట పోతది గని తెర్సుకుంట పోదు గద. రెండు మూలలకెళ్లి వచ్చి నడుమ కలుపుతుండు. నంబర్లేసినోడు పనోడే, ఆయనను తిట్టకుర్రి." లక్ష్మణ్‌కు ఇప్పుడు భయం పోయింది, పనిలో పడ్డాడు. "ఆఖరుకు సువ్వ కొన లోపలికి దోపుతుండా సూడు. దోపితే అదే ముగింపు."

మూడో ముక్క చివర ముసలాయన చువ్వ కొనను అల్లికలోకి దోపి బొటనవేలితో నొక్కుతున్నాడు. సృజన దాన్ని ఏదో మామూలు కదలిక అనుకుంది అప్పుడు. ప్రిసిల్లా తెరమీదికి వంగి తనే చూసింది. "థాంక్స్ అండి లక్ష్మణ్ గారు" అంది.  తనను ఎవరైనా గారు అని పిలిస్తే ఏమనాలో లక్ష్మణ్‌కు అలవాటు లేదు. మంచిది మేడమ్, ఉంటా మరి అని పెట్టేశాడు.

గంటన్నర ఉంది. ముక్కలు జరపడం రెండు నిమిషాల పని. కింద మాటలన్నీ మళ్లీ లెక్క కట్టుకుని ఒక్కొక్కటి సరైన సెకనుకు చేర్చడమే కష్టం. కన్నబాబు తన పని పక్కన పెట్టి వచ్చి కూర్చుని టైములు చదివి ఇచ్చాడు. నడుమ ఒకసారి, "బిజినెస్ అన్నావుగదమ్మా, నేను ఇన్నాళ్లూ కందిపప్పు హోల్‌సేలనుకున్నాను" అన్నాడు. పెళ్లి గంప కావాలి, చెల్లెలికి మాఘమాసంలో చేస్తున్నాం, మీ నాన్నకు చెప్పు, తెలిసినోళ్లని రేటు తగ్గించమనను అని కూడా అన్నాడు. సృజనకు ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది.

చివరికి చేంజ్ షీట్. రెండో డబ్బాలో ఇంగ్లీషులో రాసింది, రాసి ఒకసారి చదువుకుంది. 'ఈ రకం బుట్టకు అంచు ముందు కడతారు. మా ఇంట్లో అల్లే గంపకు చివర కడతారు. ఆ అలవాటు కొద్దీ నేను వరుస మార్చాను, అది తప్పు. మా నాన్న మేదరి లక్ష్మణ్ చూసి సరిచేశారు.' రెండు ఇరవై రెండుకు ఫైలు వెళ్లింది. రెండు నలభైకి అందిందని జవాబు వచ్చింది.

మూడున్నరకు ముగ్గురూ గోడకున్న టీవీ ముందు నిలబడ్డారు. గడియారం వచ్చింది. ముత్యాల దండ ఆవిడ వచ్చి, గొంతు సవరించుకుని, చిన్న విరామం అంది. టోపీ ముసలాయన పుల్లను గుండ్రంగా వంచాడు. 'పుల్ల వంగుతున్న చప్పుడు' అని కింద పడింది. చుట్టు కట్టాడు, చువ్వ తిప్పాడు, జానెడు సందు రెండు వేళ్లయింది, రెండు వేళ్ల సందు మూసుకుంది.  తర్వాత క్యాబేజీ ఆవిడ వచ్చింది.

ఐదింటికి పది నిమిషాలుందనగా ప్రిసిల్లా పిలిచింది. లిస్టు ఆమె ముందే ఉంది. దాచకుండా సృజన వైపు తిప్పింది. పర్మనెంటు వరుసలో సృజన పేరు లేదు. కింద వేరే వరుసలో ఉంది. షీట్‌లో ఎక్కించని మార్పుతో ఫైలు పంపితే మూడు నెలలు పొడిగించాలని రూలు, తప్పు తనే వచ్చి చెప్పింది కాబట్టి ఒక నెల చాలని రాశాను, పైవాళ్లు ఒప్పుకున్నారు అని చెప్పింది.

"నేను దీన్ని లేనట్టు చేయలేను సృజనా. చేంజ్ షీట్‌లో ఖాళీ పెట్టినవ్, దానికే ఈ నెల. తప్పుకు కాదు."

సృజన తలూపింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది కానీ రాలేదు. లోన్ల ఆఫీసువాళ్లు ఎందుకో చెప్పలేదు. ఈమె ఎందుకో చెప్పింది, ఎన్ని రోజులో చెప్పింది. ప్రిసిల్లా ఇంకో కాగితం తీసింది. అట్లాంటి నెమ్మది బొమ్మలు ఇంకా పదకొండు ఉన్నాయట చానెల్ దగ్గర. గడ్డితో ఇంటి కప్పు కప్పడం, ఉన్ని వడకడం, గుర్రానికి నాడా కొట్టడం. చలికాలంలో వేస్తారు. అన్నీ ముక్కలు ముక్కలుగానే ఉన్నాయి, కొన్నింటికి నంబర్లు కూడా లేవు. అవి నువ్వు చూడు అంది.

"తెలియనిదుంటే ఎవరినైనా అడగొచ్చా మేడమ్?"

"అడుగు. అడిగినవాళ్ల పేరు డబ్బాల రాయి."

షాపు కట్టేసే టైముకు సృజన సందులోకి వచ్చింది. సుమిత్ర ఆమె నడక దూరంనుంచే చూసి ఏమైందో తేల్చుకోలేకపోయింది. లక్ష్మణ్ మాత్రం అడగకుండా బుట్టలు లోపల సర్దుతూ ఉన్నాడు. సృజన మెట్టు మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. పర్మనెంటు కాలేదు. నెల పొడిగించారు. తప్పు నాదే.

"పొమ్మన్నరా, ఉండుమన్నరా?" అన్నాడు లక్ష్మణ్.

"ఉండుమన్నరు."

"అయితే గదే చెప్తా ఎవలన్న అడిగితే. నెల పెంచిన్రు, పని నడుస్తున్నదని." ఆఖరి బుట్ట లోపల పెట్టి వచ్చి పక్కన కూర్చున్నాడు. మెల్లగా, ముసలాయన గంప పూర్తిగా చూడొచ్చా అని అడిగాడు. చానెల్ వాళ్లు అప్పటికే మొత్తం నాలుగు నిమిషాలూ పేజీలో పెట్టారు. ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని చూశారు. కింద పడే ఇంగ్లీషు మాటలను సృజన తెలుగులో చెబుతూ పోయింది. లక్ష్మణ్ మెచ్చుకోలేదు. కత్తి పట్టుకునుడు మంచిగ లేదు, వేలు తెగుతది అన్నాడు. అల్లిక గట్టిగుందని మాత్రం ఒప్పుకున్నాడు. వెదురైతే అట్లా వంగదు, పగులుతుంది, అది ఏం కట్టెనో అనుకున్నాడు.

అప్పుడు సృజన రాబోయే పదకొండు బొమ్మల సంగతి చెప్పింది. గుర్రపు నాడా అనేసరికి సుమిత్ర నవ్వింది. ఇప్పుడు గుర్రాలెక్కడివే, నాడాలు కొట్టేటోళ్లెక్కడే అంది.

"ఎందుకు లేరు? బారాత్ గుర్రాలకు ఎవలు కొడ్తున్నరు మరి?" అన్నాడు లక్ష్మణ్. బోయిన్‌పల్లి వైపు ఒక పెద్దాయన ఉన్నాడు, పెళ్లిళ్ల గుర్రాలన్నీ ఆయన దగ్గరికే వస్తాయి, ఒకప్పుడు ఆయన ఇంటికి తడకలు కట్టించి ఇచ్చాను, నన్ను గుర్తుపడతాడు అని చెప్పాడు. మాట కొంచెం తిక్కగా మాట్లాడతాడు కానీ పని అడిగితే విసుక్కోడట.

"ఐతారం పొద్దుగాల పోదామా? నీకు సుట్టి ఉంటదా?"

ఉంటది అంది సృజన.